రారోటోంగాలో చేపల పులుసు తిన్న ఆదివారం

పసిఫిక్ ద్వీపం రారోటోంగా వెళ్ళొచ్చామని చెప్పగానే న్యూజీలాండ్‌లో మేముండే లోవర్ హట్‌లో మా స్నేహితులు ముందుగా ఫోటోలు అడుగుతారు. నా ఫోన్‌లో మొదటి రెండు రోజులవే ఉన్నాయి. నీలం సముద్రం, చెవి వెనక తెల్లటి పువ్వుతో నేను, అద్దె స్కూటర్ మీద మా ఆయన భాస్కర్, కొబ్బరాకు టోపీ పెట్టుకుని ఎండకు కళ్ళు చికిలించిన వర్ధని వదిన. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో రాయమని వదినే అడిగింది. "అలాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది పద్మా. ఏదీ దాచకుండా రాయి," అంది. అందుకే రాస్తున్నాను.

శనివారం ఎక్కి శుక్రవారం దిగాం

వర్ధని వదిన భాస్కర్ వాళ్ళక్క. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైంది. మూడు నెలలుందామని మా దగ్గరికి వచ్చింది కానీ, వచ్చింది జూలైలో, మాకు నడి చలికాలం. హట్ వ్యాలీ చలికి ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. పొద్దస్తమానం హీటర్ ముందు కుర్చీ వేసుకుని, "మీ ఊళ్ళో ఎండ ఎక్కడ అమ్ముతారమ్మా?" అని అడిగేది. ఒకరోజు భాస్కర్ నవ్వి, "అమ్మే చోటుందక్కా, పోదాం పద," అన్నారు. వారం రోజులకి టికెట్లు కొనేశారు.

ఆక్లాండ్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. దారిలో తేదీ మారే గీత దాటతాం కాబట్టి శనివారం పొద్దున ఎక్కినవాళ్ళం శుక్రవారం దిగాం. "పోయిన రోజు మళ్ళీ ఇచ్చే ఊరన్నమాట," అని వదిన మురిసిపోయింది. విమానం తలుపు తియ్యగానే వెచ్చటి గాలి, దేవగన్నేరు వాసన. న్యూజీలాండ్ డాలరే అక్కడా చెల్లుతుంది, సగం మందికి చుట్టాలు ఆక్లాండ్‌లో ఉంటారు. పరాయి దేశం వచ్చామని మాకు అనిపించలేదు. అనిపించి ఉంటే కొంచెం జాగ్రత్తగా ఉండేవాళ్ళమేమో.

మేం తీసుకున్న అద్దె ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంది. ఆ ఊళ్ళో ఇళ్ళ ముందే సమాధులు కడతారు. తాతముత్తాతలు వాకిట్లో, మనవలు వాళ్ళ పక్కన బట్టలారేస్తూ. మొదట వదిన అటు చూడకుండా నడిచింది. సాయంత్రానికి పక్కింటావిడ సమాధి గట్టు మీద కూర్చుని బీన్స్ ఒలుస్తుంటే తనూ వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ పక్కింటావిడ మామా నోవా, ఆవిడ భర్త పాపా టెరె. అక్కడ పెద్దవాళ్ళందర్నీ పాపా, మామా అంటారు, మనం అంకుల్, ఆంటీ అన్నట్టు. "ఆవిడ మామా ఏంటే! మామ అంటే మీసాలుండాలి కదా," అని వదిన నా చెవిలో గుసగుసలాడింది. నేను ఆ మాట చెబితే నోవా కడుపు పట్టుకుని నవ్వింది. పాపా టెరె తన మీసం దువ్వుకుని చూపించాడు.

సంత

మర్నాడు మళ్ళీ శనివారమే. ఊరి సంతకు వెళ్ళాం. ద్వీపం చుట్టూ ఒకటే రోడ్డు. గడియారం తిరిగే వైపు ఒక బస్సు, ఎదురు వైపు ఒక బస్సు. ఏది ఎక్కినా ఇంటికి చేరతాం, తొందర లేకపోతే.

చామాకును కొబ్బరిపాలలో ఉడికించిన కూర రుచి చూసి వదిన ఆగిపోయింది. "ఇంగువ పోపొక్కటే తక్కువ," అంది. పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో, కొబ్బరిపాలలో నానబెట్టిన వంటకం పన్నెండు డాలర్లు. భాస్కర్ డబ్బా మొత్తం ఖాళీ చేశారు. వదిన మాత్రం, "పొయ్యెక్కని చేప నేను తినను," అని మొహం తిప్పుకుంది. పొయ్యెక్కితే చాలు, చేప వల్ల ఏ భయమూ లేదని మా ముగ్గురికీ నమ్మకం. కాకినాడలో పుట్టిన నాకైతే మరీను.

ఆ సాయంత్రం పాపా టెరె గోడ దగ్గరికొచ్చి కేకేశాడు. చేతిలో పెద్ద చేప సగం, తలతో సహా. పగడపు దిబ్బ అంచున పట్టాడట. మిగతా సగం వాళ్ళింట్లో ఉంది.

"తల మీకే. మా దగ్గర తల ఇంటికొచ్చినవాళ్ళకి ఇస్తాం," అన్నాడు.

వదిన మొహం వెలిగిపోయింది. చేప మొప్పలు ఎత్తి చూసింది, కళ్ళు చూసింది, కండను వేలితో నొక్కింది. "ఇంత తాజా చేప బెజవాడలో చూసి ఎన్నేళ్ళయిందో," అంది. కస్టమ్స్‌లో చూపించి మరీ తెచ్చుకున్న చింతపండు పేస్టు డబ్బా అప్పుడు బయటికొచ్చింది.

ఆదివారం

పొద్దున మామా నోవాతో చర్చికి వెళ్ళాం. ఆడవాళ్ళంతా తెల్లబట్టల్లో, అల్లిన టోపీల్లో ఉన్నారు. వాయిద్యాలు లేకుండా వాళ్ళు పాడుతుంటే ఆ గోడలే పాడుతున్నట్టుంది. తిరిగొచ్చాక వదిన రాత్రే కాచిపెట్టిన పులుసు తీసింది. వడ్డించేటప్పుడు తలా, దాంతోపాటు ఉడికిన గుడ్ల జనా ఏరి తమ్ముడి కంచంలో వేసింది. చిన్నప్పటి అలవాటు. ఆయన వద్దనరు, ఆవిడ అడగదు. నాకు నడుం ముక్కలు రెండు వచ్చాయి, తోక ముక్క ఆవిడ తీసుకుంది.

పొద్దు వాలుతుండగా భాస్కర్‌కి వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. నిన్నటి పచ్చి చేప పడలేదనుకున్నాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళిచ్చాను, తాగారు. కాసేపాగి, "పద్మా, పెదాలు మొద్దుబారిపోతున్నాయి," అన్నారు. మాట ముద్దగా వచ్చింది.

ఫ్రిజ్‌లోంచి నీళ్ళు తెచ్చి గ్లాసు చేతికిచ్చాను. పట్టుకున్నారో లేదో, "అమ్మో! కాలుతోంది!" అని విసిరేశారు. గ్లాసు గచ్చు మీద భళ్ళున పగిలింది. కింద పడ్డ నీళ్ళలో నేను వేలు పెట్టి చూశాను. మంచులా ఉన్నాయి.

పక్షవాతం అనుకున్నాను. ఆయన లేవబోయి, గోడ పట్టుకుని, అలాగే కిందికి జారిపోయారు. ఒళ్ళంతా చెమట. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒకసారి కొట్టి, రెండోసారి కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగుతోంది.

"వదినా, ఆయన్ని పడుకోనివ్వకండి, మాట్లాడిస్తూ ఉండండి!" అని అరిచి పక్కింటికి పరిగెత్తాను. వాళ్ళ మెట్ల మీద పాపా టెరె బకెట్ ముందు వంగి కూర్చుని ఉన్నాడు. మామా నోవా ఆయన వీపు నిమురుతోంది. నన్ను చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"మీ ఇంట్లో కూడానా?" అంది. నేను తలూపాను. "చేప," అంది. ట్రక్కు తాళాలు తీసుకుంది.

పాపాను ముందు సీట్లో కూర్చోబెట్టాం. భాస్కర్ వెనక సీట్లో, తల వదిన ఒళ్ళో. నేను వెనక తొట్టిలో ఎక్కి కడ్డీ పట్టుకున్నాను. సాయంత్రం చర్చి నుంచి తిరిగొచ్చేవాళ్ళు, కోళ్ళు, కుక్కలు, చేతులూపుతూ పలకరించే పిల్లలు. అందరికీ నోవా హారన్‌తోనే జవాబిచ్చింది. వెనక అద్దంలోంచి భాస్కర్ అరికాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడంలేదు నాకు. వదిన గొంతు మాత్రం వినిపిస్తోంది. "ఒరేయ్ తమ్ముడూ, చెప్పరా, చిన్నప్పుడు మనింటి నంబరెంత? చెప్పరా!"

గుట్ట మీద

ఆస్పత్రి చిన్న గుట్ట మీద ఉంది. వరండాలోంచి సముద్రం కనపడుతుంది. లోపలికి వెళ్ళగానే ఇద్దర్నీ మంచాల మీదికి చేర్చారు. కౌంటర్ దగ్గరమ్మాయి, "మీరు ఇక్కడివాళ్ళా, న్యూజీలాండ్ వాళ్ళా, వేరే దేశమా?" అని అడిగింది. నేను తడబడ్డాను. మాకిద్దరికీ న్యూజీలాండ్ పాస్‌పోర్ట్‌లు, వదినది ఇండియాది, మూడూ అద్దె ఇంట్లోనే ఉండిపోయాయి. "పరవాలేదు, రేపు చూపించండి. పేరు చెప్పండి చాలు," అందా అమ్మాయి.

వరండాలో నిలబడి ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. మా ఇద్దరికీ ఉందన్నారు. వదినకి విజయవాడలో కొన్న పాలసీ న్యూజీలాండ్‌లోనే చెల్లుతుందట, ఈ ద్వీపంలో చెల్లదట. "అంటే మా వదినకి ఇక్కడ ఏమీ లేనట్టేనా?" అని గట్టిగా అడిగాను. ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. విన్నదని తర్వాత తెలిసింది.

డాక్టరు ఫిజీ నుంచి వచ్చినావిడ. కోటు మీద నాయుడు అని రాసుంది. ఆ పేరు చూసేసరికి వదినకి ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడిన మనిషి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, నువ్వు మనమ్మాయివే! వీడు నా తమ్ముడమ్మా, చేతుల్లో పెంచాను, ఎలాగైనా నిలబెట్టమ్మా," అని తెలుగులో ఏకధాటిగా చెప్పుకుపోయింది. డాక్టరు చెయ్యి వదిలించుకోలేదు. చివరిదాకా విని, ఇంగ్లీషులో మెల్లగా అంది. "ఆంటీ, మా ముత్తాతను చెరకు తోటల పనికి ఫిజీ తీసుకెళ్ళారు. పేరొక్కటే మిగిలింది నాకు, భాష మిగల్లేదు. కానీ మీరేం అడుగుతున్నారో అర్థమైంది."

నావైపు తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏం చేప, ఎప్పుడు తిన్నారు, ఏ మందులు వాడుతున్నారు. రోజూ వేసుకునే బీపీ మాత్ర పేరు చెప్పాను. ఆవిడ కనుబొమలు ముడుచుకున్నాయి.

"ఆ మాత్ర గుండెను నెమ్మది చేస్తుంది. ఈ విషమూ అదే చేస్తుంది. రెండూ కలిశాయి," అంది.

"విషమా? బాగా ఉడికించాం డాక్టర్. చేప కూడా తాజాది."

"ఉడికించినా పోదు, నిమ్మరసం పిండినా పోదు. వాసన రాదు, రుచి మారదు. పగడపు దిబ్బల దగ్గర చిన్న చేపలు తినే నాచులో ఉంటుంది. చిన్నవాటిని తిన్న పెద్ద చేపలో పేరుకుంటుంది. ఆయన ఏ భాగం తిన్నారు?"

"తల. జన కూడా."

డాక్టరు అది కాగితం మీద రాసుకుంది. "అది ఎక్కువగా ఉండేది అక్కడే," అంది.

నేను వదిన వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"విరుగుడు ఇస్తారుగా?" అని అడిగాను.

"దీనికి విరుగుడు లేదు. శరీరమే మెల్లగా వదిలించుకోవాలి. అంతవరకూ గుండె ఆగిపోకుండా చూడటమే మా పని. మందుకు నాడి లేస్తోంది, మళ్ళీ పడిపోతోంది. పొద్దుటికి నిలకడగా లేకపోతే విమానంలో ఆక్లాండ్ పంపించాలి. ఆ ఏర్పాటు ఇప్పుడే మొదలుపెడతాను."

నాకు కూడా పెదాలు జివ్వుమంటున్నాయని అప్పుడు గమనించి చెప్పాను. నన్నూ పరీక్షించి, తేలిగ్గానే ఉందని వదిలేశారు. "మీరెలా ఉన్నారు ఆంటీ?" అని వదినని అడిగారు. "నాకేం? రాయిలా ఉన్నాను," అంది.

చల్లటి సీసా

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపల యంత్రం బీప్‌మన్నప్పుడల్లా తర్వాతి బీప్ కోసం నేను ఊపిరి బిగపట్టేదాన్ని. ఆక్లాండ్‌లో పనిచేస్తున్న మా అమ్మాయికి ఫోన్ చేద్దామని నంబర్ తీసి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ పెట్టేశాను.

మామా నోవా ఎక్కడినుంచో నీళ్ళ సీసాలు తెచ్చింది. ఒకటి నాకిచ్చింది, ఒకటి వదినకి. వదిన అందుకుంది. అందుకున్న వెంటనే సీసా జారి కిందపడింది. "చేతులు వణుకుతున్నాయి, అంతే," అని నాతో తెలుగులో అంటూ అరచేతులు చీర కొంగులో దాచుకుంది.

నోవా వంగి సీసా తీసింది. దాన్ని మళ్ళీ వదిన మోచేతికి ఆనించింది. వదిన ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది, నిప్పు తగిలినట్టు.

"ఈవిడకీ ఉంది. ఎప్పటినుంచో ఉంది, చెప్పడంలేదు," అంది నోవా నాతో.

"వదినా?"

"తగ్గిపోతుందిలే. రెండుసార్లు వాంతైంది, అంతే."

"ఎప్పుడు?"

"నువ్వు ఫోన్లో ఉన్నప్పుడు." నా మొహం చూడకుండా అంది. "నాకిక్కడ ఇన్సూరెన్స్ లేదన్నారుగా పద్మా. పరాయి దేశం దాన్ని, ఎంతవుతుందో ఏమో. ముందు వాణ్ణి చూడనీ. డాక్టరమ్మ ఒక్కతే ఉంది, నా కోసం వాణ్ణి వదిలి వస్తే?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ మీద అరిచాను. "మీ ఇద్దర్నీ ఇక్కడ వదిలి నేనొక్కదాన్నీ ఎలా తిరిగి వెళ్ళాలి? ఏమని చెప్పాలి అందరికీ? లేవండి!"

లేచింది కానీ రెండడుగులు వేసి ఒరిగిపోయింది. నోవా ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం. ఒంట్లో నీరంతా పోయిందన్నారు, సెలైన్ ఎక్కించారు. గుండె మాత్రం బాగానే ఉంది. భాస్కర్ పక్క మంచమే ఇచ్చారు. కౌంటర్ దగ్గరమ్మాయి వచ్చి ఈవిడ పేరు కూడా రాసుకుంది. డబ్బు మాట నేను ఎత్తబోతే, "ఆమె లేచి కూర్చున్నాక మాట్లాడదాం," అని వెళ్ళిపోయింది.

వదిన తమ్ముడి వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఇంగ్లీషులో, నోవాకి కూడా అర్థమయ్యేలా అంది. "తల వాడి కంచంలో వేసింది నేను. డాక్టరమ్మ చెప్పింది విన్నాను."

నోవా ఆ మంచం పట్టె మీద కూర్చుంది. "తల మీ ఇంటికి పంపించమన్నది నేను," అంది. "మా ఆయన అమ్మేద్దామన్నాడు. వాళ్ళు మన అతిథులు, తల వాళ్ళకే ఇవ్వాలన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నోవా ఏడుస్తోంది. వదిన సెలైన్ లేని చేత్తో ఆవిడ చెయ్యి వెతుక్కుంది. "ప్రేమకొద్దీ ఇచ్చావు. నేనూ అంతే," అంది.

సోమవారం, ఆ తర్వాత

తెల్లవారాక కోళ్ళు ఆస్పత్రి వరండాలోకి కూడా వచ్చేశాయి. డాక్టర్ నాయుడు నిద్రలేని కళ్ళతో వచ్చి భాస్కర్ మంచం దగ్గర చాలాసేపు నిలబడింది. కాగితం మీద గీతలు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. నేను ఆవిడ మొహాన్నే చూస్తున్నాను.

"చాలాసేపటి నుంచి మందు వెయ్యకుండానే నాడి నిలకడగా ఉంది. ఆక్లాండ్ అక్కర్లేదు," అంది.

భాస్కర్ కళ్ళు తెరిచి, "అక్కా, పులుసు మాత్రం బాగుంది," అన్నారు. వదిన "నోరు మూసుకోరా" అని కసిరి, తలగడలో మొహం దాచుకుంది.

ఆ వార్డులో ఇంకో మూడు రోజులున్నాం. హట్‌లో ఆస్పత్రి అంటే నిశ్శబ్దం, చూడటానికి వచ్చేవాళ్ళకి వేళలు. ఇక్కడ కాకినాడ పెద్దాసుపత్రిలాగే రోగి ఒకరైతే చుట్టాలు పదిమంది. చాపలు, ఫ్లాస్కులు, పసిపిల్లలు. సాయంత్రం ఎవరో పాట ఎత్తుకుంటే పక్క మంచం వాళ్ళు అందుకునేవారు. ఒంటరిగా పడుకోనివ్వడం అక్కడ మర్యాద కాదు. నోవా చెల్లెళ్ళు కాల్చిన సీమపనస, ఉడికించిన చామదుంపలు మోసుకొచ్చారు. చేప మాత్రం ఎవరూ తేలేదు. పాపా టెరె మా అందరికంటే ముందు లేచి తిరిగాడు. భాస్కర్ మంచం దగ్గరికొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. భాస్కర్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మన గోదావరిలో చేపలు ఎలా పడతారో చెప్పడం మొదలుపెట్టారు.

వెళ్ళేముందు డాక్టరు జాగ్రత్తలు చెప్పింది. కొన్ని నెలలు చేప వద్దు, మద్యం వద్దు, గింజపప్పులు కూడా వద్దు. తింటే ఇవే బాధలు తిరగబెట్టొచ్చు. బీపీ మాత్ర మార్చింది. అలాంటి చోట చేప తినాలంటే లోతు సముద్రంలో పట్టినదే తినమంది. వదిన బిల్లు ఆవిడ భయపడినంత కాలేదు. తన కార్డుతోనే కట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. బయటి దేశాలకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: పాలసీ ఎక్కడెక్కడ చెల్లుతుందో ముందే చదువుకోండి. చెల్లకపోయినా సరే, ఒంట్లో బాగోలేదని మాత్రం దాచకండి.

బయల్దేరే రోజు పాపా, మామా ఎయిర్‌పోర్టుకు వచ్చి మా మెడల్లో పూలదండలు వేశారు. నోవా, వదినా ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఎంతసేపున్నారో. ఎవరే భాషలో ఏం చెప్పుకున్నారో నేను వినలేదు.

ఆక్లాండ్‌లో

విమానం దిగాక మా పాస్‌పోర్ట్‌లతో యంత్రం గేటు దాటి పోవచ్చు. కానీ వదిన బయటి దేశాల లైన్లో నిలబడాలి. భాస్కర్‌ని వీల్‌చైర్లో తీసుకెళ్ళారు. నేను వదినతోనే లైన్లో నిలబడ్డాను. మనుషులు ఒక్కొక్కరే కదులుతున్నారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నా కంట చుక్క నీరు రాలేదు. ఎవరికో ఫోన్ చెయ్యాలి, ఎవరికో మంచినీళ్ళు ఇవ్వాలి, ఏదో ఒకటి అడగాలి. ఇప్పుడు చెయ్యాల్సిన పని ఏమీ లేదు.

అధికారి కుర్రవాడు. మా ఇద్దరి పాస్‌పోర్ట్‌లూ తీసుకుని, అందర్నీ అడిగినట్టే నవ్వుతూ అడిగాడు. "ఎలా గడిచింది హాలిడే?"

నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. అందరూ చూస్తున్నారని తెలుసు. ఆ కౌంటర్ బల్ల పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ అబ్బాయి నవ్వు పోయి, "మేడమ్? ఏమైనా సాయం కావాలా?" అంటున్నాడు.

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. కొంచెం ముందుకు జరిగి, బ్యాంకు కౌంటర్లో మాట్లాడినట్టు నిదానంగా, స్పష్టంగా, ఇంగ్లీషులో చెప్పింది.

"ముగ్గురం వెళ్ళాం. ముగ్గురం తిరిగొచ్చాం, బాబూ."

ఆ అబ్బాయి ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు.